ముందు గొడుగు, ఆ తరువాతనే కెమేరా

1988 ఏప్రిల్‌లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో 35 సంవత్సరాల వ్యక్తి ఒకడు విమానం నుండి దూకాడు. అతడు ఈ విద్యకు కొత్తవాడు కాడు. అంతకు పూర్వం 800 సార్లకు పైగా దూకి క్షేమంగా నేల చేరినవాడు. శిక్షకుడు తన శిష్యునితో కలిసి ఆకాశంలో చేస్తున్న అభ్యాసాన్ని చలనచిత్రంగా తీయడం ఆనాటి అతని పని. బరువైన వీడియో సామగ్రిని ఒంటికి బిగించుకొని, సమయానికి దూకాడు. ఎదుటివారు పారాచూటు విప్పుకొనే దృశ్యం కూడా అతని కెమేరాలో నమోదైంది. కాని అతని వీపున పారాచూటు లేదు.

దీనిని వట్టి మతిమరుపు అని కొట్టివేయడం తేలిక. కాని 800 సార్లు పారాచూటు తగిలించుకొని దూకినవాడు ఆ ఒక్కనాడు దానిని ఎందుకు మరచిపోయాడు? ఆనాడు అతని దృష్టినంతటినీ కెమేరా ఆక్రమించుకున్నది. ఒంటి మీద ఏదో బరువు ఉన్నది, పట్టీలు బిగించి ఉన్నాయి, సిద్ధమైన భావన కలిగింది. అలవాటుపడిన శరీరానికి అంతకు మించిన సాక్ష్యం అవసరం లేకపోయింది.

ఆ రోజుల్లో ఆకాశంలో కెమేరా పట్టేవారు బహు కొద్దిమంది. నేడు సుమారు 150 గ్రాముల బరువుండే, అరచేతిలో ఇమిడే కెమేరా ఎవరికైనా దొరుకుతున్నది. విమానం నుండి దూకుతూ తీసిన చిత్రాన్ని సాయంకాలానికల్లా వేలమందికి చూపవచ్చు. అందువలన ఈ క్రీడ పట్ల ఆకర్షితులైన యువతీయువకులలో కొందరు మొదటి పాఠం పూర్తి కాకముందే ఏ కెమేరా కొనాలని విచారిస్తున్నారు. ఆలి లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లున్నది ఈ తొందర.

విమానం నుండి దూకేవాడు తన సామగ్రిని ఏ విధంగా ఎన్నుకోవాలి? ఈ ప్రశ్నకు నిపుణులు చెప్పే సమాధానాలన్నింటి వెనుక ఒకే సూత్రం కనిపిస్తుంది. అన్నీ సవ్యంగా జరిగే రోజును ఊహించుకొని సామగ్రిని ఎన్నుకోరాదు. త్రాళ్ళు మెలివడిన రోజు, గాలి ఎదురుతిరిగిన రోజు, మనిషి స్పృహ తప్పిన రోజు ఆ వస్తువు ఏమి చేస్తుందో ఆలోచించి ఎన్నుకోవాలి. పారాచూటుకైనా, కెమేరాకైనా ఇదే గీటురాయి.

చరిత్ర నేర్పిన పాఠాలు

1797 అక్టోబరు 22వ తేదీన ఫ్రాన్సు దేశస్థుడు ఆంద్రే జాక్ గార్నెరిన్ పారిస్ నగరం మీదుగా సుమారు 1000 మీటర్ల ఎత్తున బెలూను నుండి తన పారాచూటును విడగొట్టుకున్నాడు. పెద్ద గొడుగు వంటి గుడ్డ, దాని క్రింద ఒక బుట్ట, ఆ బుట్టలో అతడు. ప్రాణాలతో దిగాడు గాని, దారి పొడుగునా ఆ బుట్ట గడియారపు లోలకంలాగా అటూ ఇటూ భయంకరంగా ఊగింది. గొడుగులో చిక్కుకున్న గాలి పైకి పోయే త్రోవ లేక, ఒక అంచు నుండి ఒకసారి, మరొక అంచు నుండి మరొకసారి తన్నుకొని వెలుపలికి రావడమే అందుకు కారణం. తరువాతి వారు గొడుగు నడినెత్తిన ఒక రంధ్రం ఉంచి ఊపును తగ్గించారు. నింపాదిగా దించే గొడుగుకు నిలకడ కూడా ఉండాలని అప్పుడు తెలిసింది.

1912 ఫిబ్రవరి 4వ తేదీన పారిస్‌లోనే ఫ్రాంజ్ రైషెల్ట్ అనే దర్జీ తాను కుట్టిన పారాచూటు దుస్తులు ధరించి ఈఫిల్ గోపురం మొదటి అంతస్తు నుండి, 57 మీటర్ల ఎత్తు నుండి, దూకాడు. బొమ్మను పడవేసి పరీక్షిస్తానని అధికారుల అనుమతి పొంది, చివరకు తానే దూకాడు. గొడుగు విచ్చుకోలేదు. వార్తాచిత్రం తీసే కెమేరాలు ఆనాడు క్రిందా పైనా సిద్ధంగా ఉన్నాయి. ఆ మరణాన్ని అవి చిత్రించాయి. పరీక్షకు నిలవని సామగ్రిని నమ్ముకోరాదనే పాఠానికి అంతకంటె కఠినమైన ఉదాహరణ లేదు. చూసేవారు, చిత్రించేవారు చుట్టూ ఉన్నప్పుడు వెనుకంజ వేయడం మనిషికి ఎంత కష్టమో కూడా ఆ చిత్రం చెప్పకనే చెబుతున్నది.

మనిషి గాలిలో స్వేచ్ఛగా పడుతున్నప్పుడు స్పృహ నిలుపుకొనలేడనీ, తన చేతితో పారాచూటు విప్పుకొనలేడనీ ఒకప్పుడు చాలామంది నమ్మేవారు. 1919 ఏప్రిల్ 28వ తేదీన అమెరికాలోని మెక్‌కుక్ ఫీల్డులో లెస్లీ ఇర్విన్ విమానం నుండి దూకి, కొంతదూరం పడిన తరువాత తన చేతితోనే పిడి లాగి ఆ నమ్మకాన్ని వమ్ము చేశాడు. నేటి క్రీడ అంతా ఆ పిడి మీదనే నిలిచి ఉన్నది.

అటుపిమ్మట వచ్చిన గొప్ప మార్పు ఆకారానికి సంబంధించినది. గుండ్రని గొడుగు మనిషిని దించుతుంది గాని, గాలి తీసుకుపోయిన చోటికే దించుతుంది. డొమినా జాల్బర్ట్ అనే ఆయన రెండు పొరల గుడ్డ మధ్య అరలు కుట్టి, ముందు అంచు తెరచి ఉంచి, లోనికి దూసుకువచ్చే గాలితోనే బిగుసుకొనే రెక్కను రూపొందించాడు. 1966లో దానికి అమెరికా పేటెంటు లభించింది. చతురస్రంగా కనిపించే నేటి క్రీడా పారాచూట్లన్నీ దాని సంతానమే. ఇది గొడుగు పేరుతో చలామణి అవుతున్న విమానపు రెక్క. అది ముందుకు నడుస్తుంది, మలుపు తిరుగుతుంది, చివరి క్షణంలో కళ్ళెం పట్టినట్లు త్రాళ్ళు లాగితే మెల్లగా వాలుతుంది. రెక్క కనుకనే, తెలియక నడిపితే చంపుతుంది కూడా.

వీపు మీది సంచీలో ఏమున్నది?

దూకేవాడు వీపున ధరించే సంచీలో రెండు పారాచూట్లు ఉంటాయి. ఒకటి ప్రతిసారీ వాడే ప్రధాన పారాచూటు, రెండవది ఆపద్ధర్మంగా ఉంచుకొనే రిజర్వు పారాచూటు. ప్రధాన పారాచూటును దూకేవాడు తానే మడిచి పెట్టుకొనవచ్చు. రిజర్వును మడిచే అధికారం మాత్రం శిక్షణ పొంది, ధ్రువపత్రం గల పనివానికే ఉంటుంది. అతనిని రిగ్గర్ అంటారు. అమెరికా నిబంధనల ప్రకారం రిజర్వును వాడినా వాడకపోయినా 180 రోజులకొకసారి విప్పి, పరీక్షించి, తిరిగి మడవాలి. 2008 వరకు ఈ గడువు 120 రోజులుగా ఉండేది.

ప్రధాన పారాచూటు సరిగా తెరుచుకోకపోతే మొదట దానిని వదిలించుకోవాలి. లేకపోతే రిజర్వు పోయి దానిలోనే చిక్కుకుంటుంది. ఇందుకై 1970 దశకంలో బిల్ బూత్ అనే ఆయన మూడు ఉంగరాల ఏర్పాటును కనిపెట్టాడు. ఒకదాని కంటె ఒకటి చిన్నవైన మూడు లోహపు ఉంగరాలు ఒకదానిలో నుండి ఒకటి దూర్చి ఉంటాయి. ప్రతి ఉంగరమూ తన మీద పడిన బలాన్ని తగ్గించి తరువాతి దానికి అందిస్తుంది. చివరకు ఆ బరువునంతటినీ ఒక చిన్న గుడ్డ ఉచ్చు, దానిలో దూర్చిన తీగ మోస్తాయి. ఛాతీకి కుడిప్రక్కన ఉండే పిడిని లాగితే ఆ తీగ జారి, భుజాల మీది రెండు ప్రక్కలూ ఒకేసారి విడిపోతాయి. ఎడమప్రక్క పిడి రిజర్వుకు చెందినది. ఈ రెండు పిడుల స్థానాన్నీ కన్ను మూసుకొని తాకగలవాడే ఆకాశంలో ఉండదగినవాడు.

ఇక మూడవ రక్షణ, మనిషి ఏమీ చేయలేని స్థితిలో ఉన్నప్పుడు తనంతట తాను పనిచేసే సాధనం. దాని విలువను జోసెఫ్ కిటింగర్ అనుభవం చాటుతున్నది. 1959 నవంబరు 16వ తేదీన ఆయన అమెరికా వైమానిక దళపు ప్రయోగంలో భాగంగా 23 వేల మీటర్లకు పైబడిన ఎత్తున బెలూను నుండి దూకాడు. శరీరాన్ని నిలకడగా ఉంచవలసిన చిన్న పారాచూటు వేళకు ముందే విడివడి, దాని త్రాడు ఆయన మెడకు చుట్టుకున్నది. శరీరం బొంగరంలా తిరిగి ఆయన స్పృహ కోల్పోయాడు. స్వయంచాలకంగా తెరుచుకున్న పారాచూటే ఆయనను బ్రతికించింది. మరుసటి సంవత్సరం 1960 ఆగస్టు 16వ తేదీన ఆయనే 31 వేల మీటర్లకు పైబడిన ఎత్తు నుండి దూకి చరిత్రకెక్కాడు.

క్రీడాకారులు వాడదగిన నమ్మకమైన ఇలెక్ట్రానిక్ సాధనం 1991లో జర్మనీ నుండి సైప్రెస్ అనే పేరుతో వచ్చింది. అది గాలి పీడనాన్ని కొలుస్తూ ఎత్తును, వేగాన్ని లెక్కకట్టుకుంటుంది. అనుభవజ్ఞుల కోసం తయారైన నమూనాలో, నేలకు సుమారు 225 మీటర్ల ఎత్తున కూడా మనిషి సెకనుకు 35 మీటర్లకు మించిన వేగంతో పడుతూనే ఉంటే, రిజర్వు సంచీని మూసి ఉంచిన ఉచ్చును ఒక చిన్న కత్తెర కోసివేస్తుంది. స్వేచ్ఛగా పడే మనిషి వేగం సెకనుకు 50 మీటర్లకు పైమాటే. అంటే ఆ సాధనం మేల్కొనేనాటికి మిగిలి ఉండేది నాలుగు సెకన్ల పైచిలుకు మాత్రమే. అది ఆఖరి ఆసరా. దానిని నమ్ముకొని పిడి లాగడం ఆలస్యం చేయడం ఆత్మహత్యతో సమానం.

ఈ సాధనాల వల్ల, శిక్షణ మెరుగుపడటం వల్ల కలిగిన ఫలితం అంకెల్లో కనిపిస్తున్నది. 1970 దశకంలో అమెరికాలో ఏటా సగటున 40 మందికి పైగా ఈ క్రీడలో మరణించేవారు. 2023లో అక్కడ సుమారు 36.5 లక్షల సార్లు దూకగా మరణించినవారు 10 మంది.

ఎంత గొడుగు కావాలి?

సామగ్రి ఇంత మెరుగైన తరువాత ఇంకా మరణాలు ఎందుకు? ప్రమాద నివేదికలను పరిశీలించినవారికి ఒక విచిత్రమైన సంగతి బోధపడుతుంది. ఇటీవలి దశాబ్దాల మరణాలలో గణనీయమైన భాగం, పూర్తిగా తెరుచుకొని ఏ లోపమూ లేకుండా ఉన్న పారాచూటు క్రిందనే జరిగాయి. గొడుగు మోసం చేయలేదు. మనిషి తాను నడపలేనంత వేగమైన గొడుగును ఎన్నుకున్నాడు, లేదా నేలకు మరీ దగ్గరగా వచ్చి పదునైన మలుపు తిరిగాడు.

దీనిని అర్థం చేసుకొనడానికి చిన్న లెక్క చాలు. దూకేవాని బరువు 70 కిలోలు, సామగ్రి, దుస్తులు కలిపి మరి 14 కిలోలు అనుకుందాము. మొత్తం 84 కిలోలు, అనగా సుమారు 185 పౌనులు. పారాచూటు వైశాల్యాన్ని చదరపు అడుగులలో చెప్పడం వాడుక. 190 చదరపు అడుగుల గుడ్డ అయితే ప్రతి చదరపు అడుగు మీదా ఒక పౌనుకు కొంచెం తక్కువ బరువు పడుతుంది. 150 అడుగులదైతే 1.23 పౌనులు, 120 అడుగులదైతే 1.54 పౌనులు పడుతుంది. ఈ అంకె పెరిగినకొద్దీ గొడుగు వేగం పెరుగుతుంది, మలుపులో ఎక్కువ ఎత్తు కోల్పోతుంది, చేసిన తప్పును దిద్దుకొనే వ్యవధి తగ్గుతుంది. కొత్తగా నేర్చినవారు ఒక పౌనుకు మించరాదన్నది సర్వత్రా వినిపించే హితవు. బరువు తక్కువగల స్త్రీలు, యువకులు మరొక సంగతి గమనించాలి. లెక్కకు అదే అంకె వచ్చినా, చిన్న గొడుగుకు త్రాళ్ళు కూడా పొట్టిగా ఉంటాయి గనుక అది మరింత చురుకుగా తిరుగుతుంది. వారు ఒక పౌను కంటె ఇంకా తక్కువలోనే ఆగడం మంచిది.

గాలి పలుచనైన చోట, ఎండ తీవ్రంగా ఉన్న వేళ అదే గొడుగు మరికొంచెం వేగంగా నడుస్తుంది. చల్లని సముద్రతీరంలో నేర్చినవాడు మండువేసవిలో దక్కను పీఠభూమి మీద దూకితే, చేతికి అలవాటైన గొడుగే కొంత కొత్తగా తోస్తుంది. సామగ్రిని ఎన్నుకొనేటప్పుడు తాను ఎక్కువగా ఎక్కడ దూకబోతున్నాడో కూడా లెక్కలోనికి తీసుకోవాలి.

రిజర్వు విషయంలో చాలామంది చేసే పొరపాటు మరొకటి ఉన్నది. సంచీ చిన్నదిగా, సొగసుగా ఉండాలని చిన్న రిజర్వు కోరుకుంటారు. కాని రిజర్వు అవసరమయ్యే రోజు ఎటువంటిది? చేయి విరిగి ఉండవచ్చు. స్పృహ ఉండకపోవచ్చు. దిగేది మైదానంలో కాక ఇళ్ళ మధ్య కావచ్చు. నడిపే చేయి లేకుండానే మనిషిని బ్రతికేటట్లు దించగలిగినంత పెద్దదిగా అది ఉండాలి. ప్రతి రిజర్వు మీదా అది మోయగల గరిష్ఠమైన బరువును తయారీదారు ముద్రిస్తాడు. ఆ అంకెను అంచుదాకా వాడుకోకుండా దానికి దిగువనే ఉండటం వివేకం.

ఒకరు వాడిన సామగ్రి

కొత్త సామగ్రి ఖరీదైనది. అందువలన చాలామంది మొదట ఇతరులు వాడినది కొంటారు. అందులో తప్పు లేదు, గాని కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. నైలాను గుడ్డకు ఎండ పెద్ద శత్రువు. ఎండలో చాలాకాలం పడి ఉన్న గుడ్డ చూపుకు బాగున్నా దానిలోని బలం సన్నగిల్లుతుంది. పాత నేతలో గాలి చొరబడటం ఎక్కువై, దిగే వేగం పెరుగుతుంది. వాడకంలో త్రాళ్ళు కురచబారి, కొన్ని హెచ్చుగా కొన్ని తక్కువగా ఉండి, గొడుగు ఒక ప్రక్కకు లాగవచ్చు. స్వయంచాలక సాధనానికి ఆయుర్దాయం, తనిఖీ గడువు నిర్ణయమై ఉంటాయి. అవి మించినదాన్ని ఉచితంగా ఇచ్చినా పుచ్చుకోరాదు.

అమ్మేవాని మాట మీదగాని, ఛాయాచిత్రాల మీదగాని ఆధారపడి డబ్బు చెల్లించకుండా, అమ్మకంతో ఏ సంబంధమూ లేని రిగ్గర్ చేత ప్రతి కుట్టునూ పరీక్షింపజేయాలి. జీను పట్టీలు మన శరీరానికి సరిపోవాలి. వదులైన జీనులో మనిషి జారితే పిడులు ఉండవలసిన చోట ఉండవు. మిత్రుడు చవకగా ఇస్తున్నాడని ఒక మెట్టు చిన్న గొడుగు కొని, దానికి తగిన నేర్పు తరువాత సంపాదిద్దామనుకొనేవారు ఉంటారు. నేర్పు వచ్చేవరకు నేల వేచి ఉండదు.

తాటిచెట్టు ఎక్కే గీతపనివారిని చూడండి. మోకు ఎంత పాతదో, ఎక్కడ నలిగిందో వారు ప్రతి ఉదయం చేతితో తడిమి చూసుకుంటారు. నిన్న మోసింది కదా అని నేడు నమ్మరు. పారాచూటు ధరించేవానికి కావలసిన గుణం సరిగా అదే.

కెమేరా బరువెంత?

ఇప్పుడు కెమేరా సంగతి. 1969లో విడుదలైన ది జిప్సీ మాత్స్ అనే హాలీవుడ్ చిత్రానికి ఆకాశ దృశ్యాలను కార్ల్ బోనిష్ తీశాడు. అప్పటి ఫిలిం కెమేరాలు బరువైనవి. వాటిని తల మీద మోస్తూ పడటం నేర్పరులకే సాధ్యమయ్యేది. పరికరపు బరువే అప్పట్లో అనర్హులను దూరంగా ఉంచింది. కెమేరా తేలికైనకొద్దీ ఆ అడ్డు తొలగిపోయింది గాని, అపాయం తొలగిపోలేదు. అది మూడు రూపాల్లో ఉన్నది.

మొదటిది మెడ మీద పడే బలం. పారాచూటు తెరుచుకొనే క్షణంలో శరీరం మీద మామూలు బరువుకు మూడు నాలుగు రెట్లు భారం పడుతుంది. కొన్నిసార్లు అంతకంటె ఎంతో ఎక్కువ. 2 కిలోల హెల్మెట్, కెమేరా కలిసి ఆ క్షణంలో 8 కిలోలుగా మెడను లాగుతాయి. అందుచేత కెమేరాతో దూకేవారు మెత్తగా తెరుచుకొనే గొడుగును ఎన్నుకొని, దానిని శ్రద్ధగా మడవాలి. తెరుచుకొనే వేళ తల ఎటూ త్రిప్పరాదు.

రెండవది చిక్కుకొనే ప్రమాదం. తెరుచుకొనే పారాచూటు త్రాళ్ళు తల ప్రక్క నుండి, భుజం ప్రక్క నుండి దూసుకుపోతాయి. హెల్మెట్ మీద కొమ్ములాగా నిలబడిన చిన్న కెమేరా ఒక కొక్కెంతో సమానం. త్రాడు దానికి తగులుకుంటే ప్రధాన పారాచూటు వంకరపోతుంది. దానిని వదిలించుకున్నా అది తలను విడువదు. అందుచేత కెమేరాను హెల్మెట్‌కు వీలైనంత దగ్గరగా, అంచులు నునుపుగా ఉండేటట్లు, ఖాళీ సందులు పూడ్చి అమర్చాలి. చిక్కుపడితే ఒక్క చేతితో, చేతి తొడుగు ఉన్నా సరే, హెల్మెట్‌నే విడదీసి పారవేయగల గడ్డపు పట్టీ ఉండాలి. చేతికి, ఛాతీకి, నడుముకు కెమేరా కట్టుకొనే వేడుకను కొత్తవారు పూర్తిగా మానాలి. ఆ స్థానాలు పిడులకు చెందినవి.

చిక్కుకొనడం ఎంత సులభమో 2025 సెప్టెంబరులో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో జరిగిన సంఘటన తెలుపుతున్నది. సుమారు 15 వేల అడుగుల ఎత్తున విమానపు ద్వారం నుండి బయటకు వస్తున్న ఒకని రిజర్వు పిడి రెక్క మడతకు తగులుకున్నది. రిజర్వు విచ్చుకొని అతనిని వెనుకకు ఈడ్చివేయగా, విమానపు తోక భాగానికి గొడుగు చుట్టుకొని అతడు గాలిలో వ్రేలాడాడు. అతని వద్ద వంపు తిరిగిన చిన్న కత్తి ఉన్నది. దానితో 11 త్రాళ్ళు కోసుకొని బయటపడి, ప్రధాన పారాచూటుతో స్వల్ప గాయాలతో దిగాడు. పైలట్ కూడా విమానాన్ని క్షేమంగా దించాడు. ఆ కత్తి ధర, బరువు ఏ కెమేరా ధరతో, బరువుతో పోల్చినా లెక్కలోనికి రావు. కాని కెమేరా కొన్నవారందరూ ఆ కత్తి కొనరు.

మూడవది, అన్నింటిలోకీ పెద్దది, దృష్టి మరలడం. 13 వేల అడుగుల నుండి దూకినవానికి పారాచూటు విప్పే ఎత్తు చేరడానికి ఒక నిమిషం లోపే పడుతుంది. ఆ కొద్దిసేపటిలో ఎత్తు చూసుకోవాలి, చుట్టూ ఉన్నవారిని గమనించాలి, వేళకు ఎడంగా జరిగి పిడి లాగాలి. కెమేరా ఉన్నవాని మనస్సులో ఒక మూల ఎప్పుడూ చిత్రం ఎలా వస్తున్నదో అనే ఆలోచన ఉంటుంది. త్రాసులో తూచినప్పుడు 150 గ్రాములు ఉండే వస్తువు మనస్సులో ఎంత బరువు తూగుతుందో చెప్పడం కష్టం. కెమేరా ఎదుట విన్యాసం చేసేవారూ మారిపోతారు. ప్రేక్షకుడు ఉన్నాడని తెలిసినప్పుడు మనిషి సాహసం ఒక పాలు పెంచుతాడు.

అందువల్లనే అమెరికా పారాచూటు సంఘం, కెమేరాతో దూకదలచినవారు ముందుగా 200 సార్లు దూకి సి తరగతి లైసెన్సు పొంది ఉండాలని సిఫారసు చేస్తున్నది. తాను వాడే పారాచూటుతోనే ఇటీవల 50 సార్లు దూకి ఉండాలని కూడా చెబుతున్నది. అంకెలో మాయ ఏమీ లేదు. చేతులు తమ పనిని ఆలోచన అవసరం లేకుండా చేసే స్థితికి చేరిన తరువాతనే తలలో కెమేరాకు చోటు దొరుకుతుంది. అయితే 800 సార్లు దూకినవానికి జరిగినది కూడా మరువరాదు. అనుభవం అలవాటును ఇస్తుంది, అలవాటు అశ్రద్ధను వెంట తెస్తుంది. తనిఖీకి మాత్రమే ఆ అశ్రద్ధను పట్టుకొనే శక్తి ఉన్నది. పారాచూటు ధరించి, పట్టీలు, ఉంగరాలు, పిడులు, రిజర్వు గడువు, స్వయంచాలక సాధనం వరుసగా సరిచూసుకొని, వెనుకభాగాన్ని తోటివాని చేత చూపించుకొని, ఆ తరువాతనే కెమేరా మీద చేయి వేయాలి. విమానంలో, ద్వారం తెరచే ముందు, మరొకసారి పిడులను తాకి చూసుకోవాలి.

మన దేశంలో

పారాచూటు మనకు కొత్త కాదు. కాన్పూరులోని పారాచూటు కర్మాగారం 1941లో స్థాపితమైంది. 2021 అక్టోబరు నుండి అది గ్లైడర్స్ ఇండియా లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థగా నడుస్తున్నది. ఆగ్రాలో సైనికులకు పారాచూటు శిక్షణ ఇచ్చే విద్యాలయమూ, పారాచూట్లను రూపొందించే రక్షణ పరిశోధనశాలా ఉన్నాయి. వైమానిక దళానికి చెందిన ఆకాశగంగ బృందం 1987లో ఏర్పడింది. రేచెల్ థామస్ 2002లో ఉత్తర ధ్రువం మీద 7 వేల అడుగుల ఎత్తు నుండి దూకిన భారతీయ మహిళ. 2005లో ఆమెకు పద్మశ్రీ లభించింది.

తెలుగువారికి ఈ విషయం కళ్ళకు కట్టిన సందర్భం ఒకటి ఉన్నది. 2025 జనవరి 2వ తేదీన విశాఖపట్నంలో రామకృష్ణా బీచ్ వద్ద నౌకాదళ విన్యాసాల పూర్వాభ్యాసం జరుగుతుండగా, ఇద్దరి పారాచూట్లు గాలిలో ఒకదానితో ఒకటి చిక్కుపడ్డాయి. ఇద్దరూ తీరానికి సమీపంలో సముద్రంలో పడ్డారు. నౌకాదళ సిబ్బంది వెంటనే వారిని రక్షించారు. చిక్కుపడిన రోజుకు కావలసిన ఏర్పాట్లు ముందుగానే ఉండటం అంటే ఇదే. నీటి ఒడ్డున దూకేటప్పుడు సాయపడే మనుషులు నీటిలో సిద్ధంగా ఉండటం కూడా సామగ్రిలో భాగమే.

ప్రయాణికులుగా వెళ్ళేవారికి

ఈ శీర్షిక చదివేవారిలో స్వయంగా పారాచూటు కొనేవారు కొద్దిమందే ఉంటారు. కాని శిక్షకుని ఒంటికి కట్టుబడి ఒక్కసారి దూకి చూడాలనే ఉబలాటం గలవారు, అటువంటి బిడ్డలున్న తల్లిదండ్రులు అనేకులు. ఇద్దరిని మోసే ఈ పద్ధతి 1980 దశకంలో ప్రచారంలోనికి వచ్చింది. ఇక్కడ సామగ్రిని ఎన్నుకొనేది మనం కాము. ఎన్నుకొన్నవానిని ఎన్నుకొనడమే మన వంతు.

రుసుము చెల్లించే ముందు కొన్ని ప్రశ్నలు అడగడానికి మొగమాటపడకండి. రిజర్వును చివరిసారి ఎప్పుడు మడిచారు, ఎవరు మడిచారు? ఆ వివరాలు వ్రాసిన చీటీ చూపగలరా? స్వయంచాలక సాధనం ఉన్నదా, దాని గడువు మిగిలి ఉన్నదా? శిక్షకునికి ఇద్దరిని మోసే పద్ధతిలో ప్రత్యేకమైన అర్హత ఉన్నదా? గాలి ఉధృతంగా ఉంటే కార్యక్రమాన్ని రద్దుచేస్తారా, రద్దయితే డబ్బు ఏమవుతుంది? చివరి ప్రశ్న డబ్బుకు సంబంధించినదిగా తోచినా ప్రాణానికి సంబంధించినదే. రద్దుచేస్తే నష్టపోయేవాడు రద్దుచేయడానికి వెనుకాడుతాడు. నిజాయితీగల నిర్వాహకుడు ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు. విసుగుకొనేవాని వద్ద నుండి వెనుదిరిగి రావడంలో అవమానం ఏమీ లేదు.

మీ జేబులో సెల్‌ఫోను, చేతిలో కెమేరా ఉండరాదు. చిత్రం కావాలనుకుంటే ఆ పనిలో అర్హత గలవారు తీస్తారు. మీకు అప్పగించిన పని ఒక్కటే: చెప్పినప్పుడు కాళ్ళు ఎత్తడం. దిగే క్షణంలో కెమేరావైపు చూసి చేయి ఊపుతూ కాళ్ళు ఎత్తడం మరచినవారు చీలమండ విరుగగొట్టుకొనే అవకాశం ఉన్నది.

ఇక స్వయంగా ఈ విద్య నేర్చుకోదలచినవారు తమ డబ్బును ఈ వరుసలో ఖర్చుపెట్టడం మేలు. మొదట శిక్షణ. రెండవది, శరీరానికి సరిపోయే జీను, తగినంత పెద్ద రిజర్వు, స్వయంచాలక సాధనం. మూడవది, నేర్పుకు తగిన ప్రధాన పారాచూటు. నాలుగవది, ఎత్తును చూపే మీటరు, హెల్మెట్, చిన్న కత్తి. ఆ తరువాత మిగిలిన డబ్బు మళ్ళీ శిక్షణకే. ఈ జాబితాలో కెమేరా లేదు. 200 సార్లు దూకిన తరువాత దానిని చేర్చుకొనే స్వేచ్ఛ మీకు ఉంటుంది. అప్పటికి ఏ కెమేరా కొనాలో, ఏ రోజు దానిని నేల మీదనే వదలివేయాలో మీకే తెలిసివస్తుంది.